లాగితే, లాగినా, లాగితేనే: తెరమీది గణితం, తెలుగు శాఖల మౌనం

గణితానికి భాషతో పని లేదన్న మాట రెండు చోట్ల వినిపిస్తుంది. గణితోపాధ్యాయుడు ఆ మాటను గర్వంగా అంటాడు. తన శాస్త్రానికి సరిహద్దులు లేవని ఆయన ఉద్దేశం. తెలుగు అధ్యాపకుడు అదే మాటను ఊరటతో అంటాడు. తన బాధ్యత అంతటితో తీరిపోయిందని ఆయన ఉద్దేశం. మొదటి అభిప్రాయాన్ని గణిత విద్యావేత్తలే చాలాకాలంగా ప్రశ్నిస్తూ వస్తున్నారు. రెండో అభిప్రాయాన్ని తెలుగు శాఖల్లో గట్టిగా నిలదీసినవారు అరుదు. తరగతి గదిలోకి ఇంటరాక్టివ్ ఉపకరణాలు వచ్చాక ఆ ఊరట మరింత బలపడింది. తెరమీద త్రిభుజం కదులుతుంది, కోణాల విలువలు కళ్లముందే మారుతాయి, గీత గ్రాఫ్ మీద పైకీ కిందికీ జరుగుతుంది. బొమ్మే చెబుతున్నప్పుడు మాటతో పనేమిటన్నది ఇప్పటి వాదం.

ఈ వాదం తప్పు. బొమ్మ కదలడం మొదలైన క్షణం నుంచే మాట అవసరం పెరుగుతుంది. నల్లబల్ల మీద గీసిన త్రిభుజం ఒక్కటే. దాని గురించి "ఇది ఇలా ఉంది" అంటే సరిపోతుంది. తెరమీద లాగే త్రిభుజం ఒక్కటి కాదు, లెక్కలేనన్ని. వాటన్నిటి గురించి ఒకేసారి మాట్లాడగల వాక్యం పిల్లల నోట పుట్టాలి. సికింద్రాబాదు ప్రభుత్వ పాఠశాలల్లో ఆ వాక్యం, పాఠ్యపుస్తకం ఏ మాధ్యమంలో ఉన్నా, ఎక్కువగా తెలుగు వాక్యంగానే పుడుతుంది. అటువంటి వాక్యాన్ని విప్పి చూడగల శిక్షణ తెలుగు శాఖలకు ఉంది. ఆ శాఖలు మాత్రం అక్కడ లేవు.

గదిలోకి వచ్చినవి

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో గణితం తెరమీదికి ఎక్కడం ఒక్కరోజులో జరగలేదు. 2015 ప్రాంతంలో టాటా ట్రస్టులు, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కలిసి కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్ అనే కార్యక్రమాన్ని తలపెట్టాయి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రాలతో పాటు తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ అది నడిచింది. రేఖాగణిత వివేచనకు, అనుపాత వివేచనకు వేర్వేరు పాఠ్యభాగాలు అందులో ఉన్నాయి. చతుర్భుజాల లక్షణాలను ఆధారాలుగా చేసుకుని దొంగను పట్టుకునే పోలీసు ఆట కూడా ఉంది. ఈ పాఠాలు తెలుగులోనూ వచ్చాయి. 2017 సెప్టెంబరు 5న కేంద్రప్రభుత్వం దీక్షా వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ఇళ్లకు చేరాయి. 2022–23 విద్యాసంవత్సరంలో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఆ తర్వాత ఉన్నత పాఠశాలల గోడలమీదికి వేలితో తాకి పనిచేయించే పెద్ద ప్యానెళ్లు వచ్చాయి. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు.

ఈ ప్రతి మలుపులోనూ చర్చ జరిగింది. ఖర్చు ఎంత, కరెంటు ఉందా, ఇంటర్నెట్ అందుతుందా, ఏ సంస్థకు లాభం, ఏ పార్టీకి పేరు అన్నవే ఆ చర్చలో ప్రధానాంశాలు. అవి అడగవలసిన ప్రశ్నలే. తెలుగు మేధావివర్గం ఆ చర్చలోకి దిగినప్పుడు మాత్రం ప్రశ్న ఒక్కటిగానే మిగిలింది: మాధ్యమం తెలుగా, ఇంగ్లీషా? దిగిన ప్రతిసారీ అదే ప్రశ్నతో దిగి, అదే ప్రశ్నతో వెనుదిరిగింది. గదిలో ఉపాధ్యాయుడు, పిల్లలు నిజంగా ఏమి మాట్లాడుకుంటున్నారో వినడానికి ఆగలేదు.

వింటే ఏమి వినబడుతుందో ఊహించడం కష్టం కాదు. సికింద్రాబాదులోని ఏదో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల, 9వ తరగతి. ఉపాధ్యాయుడు ప్యానెల్ మీద జియోజీబ్రా తెరిచి ఒక త్రిభుజం గీస్తాడు, మూడు కోణాల విలువలు పక్కన కనిపించేలా పెడతాడు, ఒక విద్యార్థిని పిలిచి శీర్షాన్ని జరపమంటాడు. ఆ అమ్మాయి జరిపి చెప్పే మాట దాదాపు ఇలా ఉంటుంది: "ఈ పాయింట్‌ని డ్రాగ్ చేస్తే యాంగిల్స్ మారుతున్నయి సార్, ఎటు డ్రాగ్ చేసినా టోటల్ మాత్రం సేమ్ ఉంటుంది."

భాషాభిమాని ఈ వాక్యం విని నొచ్చుకుంటాడు. ఇంగ్లీషు మాధ్యమ సమర్థకుడు ఇదే వాక్యం విని, తెలుగు ఎలాగూ పోయింది కదా అంటాడు. ఇద్దరూ నామవాచకాలనే లెక్కపెట్టారు. పాయింట్, డ్రాగ్, యాంగిల్, టోటల్, సేమ్ అన్నీ ఇంగ్లీషే, సందేహం లేదు. కాని ఈ వాక్యంలో గణితం ఆ పదాల్లో లేదు. "చేస్తే" అన్నచోట ఉంది, "ఎటు చేసినా" అన్నచోట ఉంది, "మాత్రం" అన్నచోట ఉంది. ఆ మూడూ తెలుగే.

చేదర్థకం, అప్యర్థకం

చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడి ఒకటిన్నర శతాబ్దం దాటింది. చేదర్థకం, అప్యర్థకం అన్న పేర్లు తెలుగు చదువుకున్న ప్రతివారికీ తెలుసు. వండితే అన్నది చేదర్థకం, వండినా అన్నది అప్యర్థకం అని డిగ్రీ తరగతిలో చెబుతారు, పరీక్షలో రెండు మార్కులకు అడుగుతారు, అంతటితో వదిలేస్తారు. గణితపు అనుమానం, నిరూపణ నిలబడే స్తంభాలు ఇవేనన్న సంగతి ఆ తరగతిలో చెప్పేవారు అరుదు.

చేదర్థకం ఆధారపడటాన్ని చెబుతుంది. శీర్షాన్ని లాగితే కోణం మారుతుంది: ఒకటి మారితే ఇంకొకటి మారుతుంది. చలరాశి, ప్రమేయం అన్న పదాలు పిల్లలకు చేరకముందే ఆ భావన ఈ ప్రత్యయంలో చేరిపోయింది. అప్యర్థకం దీనికి ఎదురు నిలుస్తుంది. ప్రశ్నార్థక పదంతో కలిసినప్పుడు అది సార్వత్రికతను చెబుతుంది: ఎటు లాగినా, ఎంత లాగినా, ఏ బిందువు తీసుకున్నా, ఏ సంఖ్య రాసినా. గణితజ్ఞులు తలకిందులైన అక్షరమొకటి పెట్టి "అన్నిటికీ" అని సూచించేదాన్ని తెలుగు పిల్ల "ఎటు లాగినా" అని అలవోకగా అంటుంది. కదిలే రేఖాగణితంలో కీలకమైన భావన ఇదే: అన్నీ మారుతున్నప్పుడు మారనిది ఏది? 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్వార్టర్ జియోజీబ్రాను రూపొందించడం మొదలుపెట్టినప్పుడు తెలుగు అప్యర్థకం ఆయన ఆలోచనలో ఉండే అవకాశం లేదు; అయినా ఆయన తయారుచేసిన పరికరానికి ఇంత చక్కగా సరిపోయే వ్యాకరణరూపం వెతికినా దొరకదు.

మూడో రూపం మరీ సూక్ష్మమైనది. "చతురస్రమైతే కర్ణాలు సమానంగా ఉంటాయి." ఇది నిజం. "చతురస్రమైతేనే కర్ణాలు సమానంగా ఉంటాయి." ఇది అబద్ధం. రెండు వాక్యాల మధ్య తేడా ఒక్క ఏకారం. ఆ ఏకారం చేరగానే వాక్యం తిరగబడుతుంది. సమాన కర్ణాలున్న ప్రతి చతుర్భుజమూ చతురస్రమేనని చెప్పినట్లవుతుంది. తెరమీద చతురస్రాన్ని పట్టుకుని అడ్డంగా సాగదీసి దీర్ఘచతురస్రం చేస్తే, కర్ణాలు ఇంకా సమానంగానే ఉన్నాయని కళ్లకు కనిపిస్తుంది, ఏకారం కూలిపోతుంది. ఒక సిద్ధాంతానికీ దాని విపర్యయానికీ ఉన్న భేదాన్ని పిల్లలు గుర్తించకపోవడం గణిత బోధనలో పాత సమస్య. ఆ భేదాన్ని ఒక్క అచ్చుతో చూపగల భాష చేతిలో ఉండి, ఆ అచ్చును ఎవరూ చూపకపోవడం మాత్రం తెలుగువారి సొంత సమస్య.

భాష ఎప్పుడూ సాయమే చేస్తుందని కాదు. పాఠశాలల్లో తరచు వినిపించే వాక్యం ఒకటి: "దీర్ఘచతురస్రాలన్నీ చతురస్రాలు కావు." దీనికి రెండర్థాలున్నాయి. కొన్ని దీర్ఘచతురస్రాలు చతురస్రాలు కావన్నది ఒకటి, ఏ దీర్ఘచతురస్రమూ చతురస్రం కాదన్నది రెండవది. మొదటిది నిజం, రెండవది అబద్ధం. విన్న పిల్లవాడు రెండో అర్థం తీసుకుంటే, చతురస్రం దీర్ఘచతురస్రాల్లో ఒక ప్రత్యేకమైన రకమన్న మాట అతడికి ఎన్నటికీ అందదు. తెరమీద ఎన్నిసార్లు సాగదీసి చూపినా, చెవిలో పడిన వాక్యమే మిగులుతుంది. "దీర్ఘచతురస్రాలన్నీ చతురస్రాలు కానక్కరలేదు" అంటే చిక్కు విడిపోతుంది. "కావు" అన్నదానికీ "కానక్కరలేదు" అన్నదానికీ మధ్య ఉన్న ఈ తేడాను పసిగట్టడం గణితోపాధ్యాయుడి శిక్షణలో భాగం కాదు. తెలుగు భాషాశాస్త్రం చదివినవారికి ఇది మొదటి పాఠం.

తెర చెప్పలేనిది ఇంకొకటి ఉంది. పైన చెప్పిన త్రిభుజంలో విలువలు దశాంశం తర్వాత రెండు స్థానాల వరకే కనిపిస్తాయనుకుంటే, ఒక స్థితిలో కోణాలు 50.33, 60.33, 69.33 అని రావచ్చు. పిల్లవాడు కూడి చూస్తే 179.99 వస్తుంది. తెర తప్పు చెప్పిందా, సిద్ధాంతం తప్పా? ఇక్కడ "కనిపిస్తోంది" అన్న క్రియకూ "అయి తీరాలి" అన్న క్రియకూ ఉన్న దూరం బయటపడుతుంది. వంద త్రిభుజాలు లాగి చూస్తే 180 "వస్తున్నట్లు కనిపిస్తుంది". శీర్షం గుండా భూమికి సమాంతరరేఖ గీసి, ఏకాంతర కోణాలు సమానమని చెప్పి, సరళకోణంతో ముడిపెట్టినప్పుడే 180 "అయి తీరాలి". మొదటిది పరిశీలన, రెండవది నిరూపణ. ఈ దూరాన్ని దాటించేవి "ఎందుకంటే", "కాబట్టి" అన్న రెండు మాటలు. ఉపకరణం దాటించదు. మంచి ఉపకరణం ఆ గట్టు దాకా తీసుకువచ్చి నిలబెడుతుంది, అంతే. అక్కడ మాట అందివ్వకపోతే పిల్లవాడు చూసింది తమాషాగా మిగిలిపోతుంది.

పదాల పిచ్చి

ఇదంతా పరిభాష సమస్య అనుకునేవారు తెలుగు శాఖల్లో ఉన్నారు. గణిత తెలుగు అనగానే వారికి పదకోశాలు గుర్తొస్తాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ రంగంలో చేసిన కృషి తక్కువది కాదు. లవం, హారం, సర్వసమానత్వం, సమలంబ చతుర్భుజం వంటి మాటలు విద్యార్థుల నోళ్లలో స్థిరపడటంలో దానికి పెద్ద పాత్ర ఉంది. లోపం పదకోశాల్లో లేదు. పదకోశంతో పని పూర్తయిందనుకోవడంలో ఉంది.

1974లో నైరోబీలో యునెస్కో నిర్వహించిన సదస్సులో భాషాశాస్త్రవేత్త ఎం.ఎ.కె. హాలిడే ఈ సంగతినే స్పష్టం చేశాడు. ఒక భాషలో గణితపు రిజిస్టర్ ఏర్పడటమంటే కొత్త పదాలు చేర్చడం మాత్రమే కాదని, అర్థాలను కూర్చే పద్ధతులు, వాదించే రీతులు ఏర్పడటమని ఆయన వివరించాడు. అర్ధశతాబ్దం గడిచింది. తెలుగులో గణిత రిజిస్టర్ మీద చర్చ ఇప్పటికీ "దీనికి తెలుగులో ఏమంటారు?" అన్నచోటే తిరుగుతోంది. "ఇంటరాక్టివ్"కు "అంతరక్రియాత్మక" అని పెట్టి సంతృప్తి పడేవారున్నారు. తరగతి గదిలో ఆ మాట పలికిన పిల్ల కనబడదు.

పదాల చుట్టూ తిరగడం వల్ల కలిగిన నష్టానికి భిన్నాలు మంచి ఉదాహరణ. 2/3 అన్న భిన్నాన్ని తరగతిలో "టూ బై త్రీ" అనో, "రెండు బై మూడు" అనో చదువుతారు. రెండింటిలోనూ మొదట వినిపించేది లవం. తెలుగు వాడుకలో దీని పేరు "మూడింట రెండు వంతులు". ఇక్కడ మొదట వినిపించేది హారం. ఎన్ని భాగాలు చేశామో ముందు చెప్పి, అందులో ఎన్ని తీసుకున్నామో తర్వాత చెబుతుంది తెలుగు. ఇప్పుడు ఏ భిన్నాల ఉపకరణాన్నైనా తెరవండి: ముందు పట్టీని ఎన్ని భాగాలు చేయాలో ఎంచుకోవాలి, తర్వాత వాటిలో కొన్నిటిని రంగుతో నింపాలి. చేయి చేసే పని వరుసా, "మూడింట రెండు" అన్న మాట వరుసా ఒక్కటే. "టూ బై త్రీ" అంటున్న పిల్ల చేతితో ఒక వరుసలో చేసి, నోటితో తలకిందుల వరుసలో చదువుతోంది.

ఇది భాషాభిమానంతో చేసిన ఊహ మాత్రమే కాదు. కొరియన్ భాషలోనూ భిన్నాల పేర్లు "మూడు భాగాలలో ఒకటి" అన్న తీరులోనే ఉంటాయి. 1999లో ఐరీన్ మియురా, ఆమె సహపరిశోధకులు కొరియా, క్రొయేషియా, అమెరికా పిల్లలను పోల్చి, పేర్లలోని ఈ స్పష్టత కొరియా పిల్లలకు తోడ్పడిందని వాదించారు. 2003లో పేక్, మిక్స్ ఆ నిర్ణయాన్ని తిరిగి పరీక్షించి, తేడాకు భాషే కారణమన్న మాటను ప్రశ్నించారు. అయినా భిన్నాన్ని "నాలుగు భాగాలలో ఒకటి" అన్న పద్ధతిలో చెప్పినప్పుడు అమెరికా పిల్లలు మెరుగ్గా గుర్తించారని వారూ గమనించారు. వివాదం ఉంది, తేలవలసింది ఉంది. కొరియన్ మీద ఇంత జరుగుతుంటే, అదే నిర్మాణమున్న తెలుగులో ఆ ప్రశ్నను ఎత్తుకోవలసిన బాధ్యత ఎవరిది? సికింద్రాబాదు పిల్లల కోసం సోల్ నుంచి ఎవరూ రారు.

మోండా మార్కెట్‌కు తల్లితో వెళ్లే పిల్లకు అర, పావు, ముప్పావు, ఒకటింబావు తెలుసు. దక్కనీ ఉర్దూ మాట్లాడే స్నేహితురాలి నోట సవా, డేఢ్ కూడా విని ఉంటుంది. పావులో పావును వీసం అనేవారన్న సంగతి ఆమె అమ్మమ్మకు తెలిసి ఉండవచ్చు. 1/4ను 1/4తో గుణిస్తే 1/16 అన్న లెక్కకు తెలుగులో ఒకప్పుడు ఒకే పేరు ఉండేది. నాలుగు ఘాతాల మీద నడిచే ఆ భిన్నాలకు తెలుగులో ప్రత్యేక అంకెలు ఉండేవి. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 వాటిని తెలుగు లిపి విభాగంలో చేర్చింది. చతురస్రాన్ని నాలుగు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ నాలుగు చేసే పని తెరమీద రెండు తాకుళ్లతో అయిపోతుంది. లిపిచరిత్ర చెప్పే తరగతిలో ఈ అంకెలు తాళపత్రాల విశేషంగా మిగిలాయి. గణిత తరగతికి వాటి సంగతే తెలియదు. ఈ రెండు గదుల మధ్య తలుపు తీయవలసినవారు ఎవరన్నదే ఈ వివాదమంతా.

ఎవరి పని?

"ఇది విద్యాశాఖ పని, గణితశాఖ పని, సాహిత్య శాఖకు ఏమి సంబంధం?" అన్నది పెద్దలు వేసే చివరి ప్రశ్న. దీనికి సికింద్రాబాదుకు ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రే జవాబు. ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం నడపాలని సంకల్పించిన నిజాం ప్రభుత్వం 1917లో అనువాద విభాగాన్ని, దారుల్ తర్జుమాను, నెలకొల్పింది. దాని బాధ్యత అప్పగించినది గణితజ్ఞుడికి కాదు, ఉర్దూ పండితుడు మౌల్వీ అబ్దుల్ హక్‌కు. పారిభాషిక పదాలు ఎలా కూర్చాలన్న విషయం మీద 1921లో ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసిన వహీదుద్దీన్ సలీం అదే విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధించిన వాడు. ఆ ప్రయోగంలోని రాజకీయాలను, తెలుగు మాట్లాడే అధికసంఖ్యాకుల మీద దాని భారాన్ని విమర్శించవలసిందే, విమర్శించారు కూడా. కాని ఒక్క విషయం మరువలేనిది: శాస్త్రాన్ని తమ భాషలో నిలబెట్టే పనిని అక్కడి సాహిత్య పండితులు తమ పరిశోధనగా భావించారు, పక్కగది వారి పనిగా కాదు.

తెలుగులోనూ ఆ తీరు పని జరిగింది, వేరే రంగాల్లో. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వ్యవసాయ పదాలతో 1962లోను, చేనేత పదాలతో 1971లోను వెలువడిన మాండలిక వృత్తిపదకోశాలు, పండితులు పొలాలకు, మగ్గాల దగ్గరికి వెళ్లి వినడం వల్ల పుట్టినవి. రైతు మాట్లాడే తెలుగు అధ్యయనానికి అర్హమైతే, 9వ తరగతి పిల్ల ప్యానెల్ ముందు నిలబడి మాట్లాడే తెలుగు ఎందుకు కాకూడదు? మగ్గం ఒక పరికరం. జియోజీబ్రా ఒక పరికరం. పరికరం ముందు మనిషి నోట భాష ఎలా మారుతుందన్నది ఒకే ప్రశ్న.

ఇంగ్లీషు మాధ్యమం కోరుకునే తల్లిదండ్రుల హక్కును ఈ వాదం ప్రశ్నించదు. దాన్ని అందుకోవడం బడుగు కుటుంబాలకు ఎంత అవసరమో అందరికీ తెలుసు. భాషోద్యమం పేరుతో దాన్ని అడ్డగించినవారిలో తమ పిల్లలను ఏ బడికి పంపారో చెప్పడానికి జంకినవారు ఉన్నారు. నిజానికి ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన తర్వాతే ఈ అధ్యయనం మరింత అవసరమైంది. ఎదురెదురు పేజీల పుస్తకంలో ఇంగ్లీషు వాక్యం "ఇఫ్", "ఓన్లీ ఇఫ్" అని ఉంటుంది. పిల్ల తలలో "అయితే", "అయితేనే" ఉంటాయి. మొదటిదానికి దారి రెండోదాని గుండానే. ఆ దారి చూపించకుండా ఇంగ్లీషు మాధ్యమం ఇవ్వడమంటే పుస్తకం ఇచ్చి అందులో సగం పేజీలు అంటించి ఇవ్వడమే.

యంత్రానువాదం ఈ పని చేసిపెడుతుందన్న ఆశ కొత్తగా పుట్టింది. అనువాదం వేగంగా జరుగుతుంది, కాదనలేం. అయితే హిందీలో ప్రమేయ అంటే సిద్ధాంతం. తెలుగు పాఠ్యపుస్తకంలో ప్రమేయం అంటే ఇంగ్లీషులో ఫంక్షన్ అనేది. హిందీ పాఠాన్ని తెలుగులోకి దించినప్పుడు ఒకే సంస్కృతపదం వల్ల పాఠం తలకిందులు కాగలదు. తప్పును పట్టుకోవడానికి రెండు పరిభాషల చరిత్రా తెలిసిన మనిషి కావాలి. అటువంటి మనిషిని తయారుచేసే పాఠ్యప్రణాళికకు తెలుగు శాఖల్లో ఇంతవరకు చోటు చిక్కలేదు.

సేమూర్ పేపర్ట్ 1980లో ప్రచురించిన మైండ్‌స్టార్మ్స్‌లో, ఫ్రాన్స్‌లో పెరిగిన పిల్లలు ఫ్రెంచి నేర్చుకున్నంత సహజంగా గణితం నేర్చుకునే లోకం గురించి రాశాడు. పిల్లలకు కంప్యూటర్‌ను ఇవ్వాలని వాదించిన తొలితరం వారిలో ఆయన ముఖ్యుడు. ఆయనకు తోచిన ఉపమానమే భాష. ఆ పరంపరలో వచ్చిన ఉపకరణాలను దిగుమతి చేసుకున్న మనం ఉపమానాన్ని మాత్రం ఓడరేవులోనే వదిలేశాం.

సాహిత్య చరిత్రకారులు ఇక్కడ పావులూరి మల్లనను గుర్తుచేస్తారు. తెలుగు శాఖలు గణితాన్ని పట్టించుకోలేదనడం అన్యాయం, మల్లన లేడా అంటారు. ఉన్నాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. సాహిత్య చరిత్రల్లో ఆయనకు దక్కిన పుటలు ప్రధానంగా ఆయన రాజరాజనరేంద్రుడి కాలం వాడా, తర్వాతి వాడా, మల్లనలు ఒక్కరా, ఇద్దరా అన్న తర్కానికే ఖర్చయ్యాయి. లెక్కలోని షరతును పద్యంలో ఏ క్రియారూపంతో కట్టాడు, ప్రశ్నను ఎక్కడ నిలిపాడు, సంస్కృతంలో సమాసం చేసిన పనిని తెలుగులో ఏ ప్రత్యయానికి అప్పగించాడు అన్న ప్రశ్నలు దాదాపు అలాగే మిగిలాయి. "అయితే", "అయితేనే" అన్న భేదం ఆయనకు ఛందస్సులో ఎలా ఇమిడిందో తెలిస్తే, ఈనాటి 9వ తరగతి వాక్యాన్ని చూడటానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

పద్యంలో లెక్క చెప్పినందుకు మల్లన కవిగా సాహిత్య చరిత్రలోకి ఎక్కాడు. ఆ నిర్ణయాన్ని ఇంతవరకు ఏ శాఖా రద్దు చేయలేదు. సికింద్రాబాదు పాఠశాలలో ప్యానెల్ ముందు నిలబడి "ఎటు లాగినా మొత్తం మారదు" అన్న పిల్ల వాక్యం మీద పరిశోధనకు దరఖాస్తు వస్తే, అది తమ పరిధిలోకి రాదని తిప్పి పంపదలచిన పరిశోధన సంఘం ముందుగా పాఠ్యప్రణాళికలోంచి మల్లన పేరు కొట్టివేయవలసి ఉంటుంది.